గుస్సాడీకి ఊరే బడి

నాట్యం అనగానే మన యువత స్టేజీ మీద మూడు నిమిషాల ఐటెం అనుకుంటున్నారు. దాని వెనుక ఎంత కట్టుబాటు ఉందో చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1661లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగవ లూయీ ప్యారిస్‌లో నృత్య అకాడమీ పెట్టాడు. బ్యాలేకు నియమాలు, శిక్షణ స్థిరపడడానికి అది దారి వేసింది. ఆదిలాబాద్ రాజ్‌గోండుల గుస్సాడీకి ఏ రాజూ అకాడమీ పెట్టలేదు. ఊరే దానికి బడి.

దీపావళి ముందు వచ్చే దండారిలో గుస్సాడీలు దీక్ష పడతారు. తలపై నెమలి ఈకల కిరీటం, ఒంటికి బూడిద, చేతిలో కర్ర. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. బృందంతో ఊరూరా తిరిగి ఆడతారు. అంత పెద్ద కిరీటంతో వాద్యానికి తగ్గట్టు అడుగు వేయాలంటే మెడ, నడుము, ఊపిరి అదుపులో ఉండాలి. అందులో భక్తి ఉంది, కసరత్తూ ఉంది.

మర్లవాయికి చెందిన కనకరాజు గారు ఈ ఆటను ఎందరో యువకులకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన నేర్పినవాళ్లు ఉన్నారు కాబట్టి ఆట ఆగలేదు. అదే మర్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. చదువు, ఆట ఒకే ఊళ్లో సాగాయి.

కారంచేడులో మా హాస్టల్ పిల్లలకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. మన యానాది, ఎరుకల, లంబాడీ పెద్దల దగ్గరా ఆటపాటలున్నాయి. సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఒక్క అడుగైనా నేర్చుకోండి. ఫోన్‌లో వీడియో తీయడంతో ఆపకండి. మీకు వస్తేనే మీ చెల్లికి, తమ్ముడికి నేర్పగలరు.