క్లే షూటింగ్, షికారు, క్లబ్ పోటీ.. మూడింటికీ ఒకే సెమీ ఆటో షాట్‌గన్: కొనేముందు చూడాల్సినవి

అమెరికాలోని టెక్సాస్ ఉత్తర, మధ్య జోన్లలో సెప్టెంబర్ 1 వచ్చిందంటే గువ్వల వేట సీజన్ మొదలైనట్టే. దానికి ముందు నుంచే అక్కడి తుపాకుల షాపుల్లో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. వారాంతంలో క్లబ్‌కి వెళ్లి గాల్లో ఎగిరే మట్టి పళ్లేలు కొట్టాలి, సీజన్‌లో షికారుకి తీసుకెళ్లాలి, ఎప్పుడైనా సరదా పోటీలో నిలబడాలి. ఈ మూడింటికీ పనికొచ్చే బందూకు వెయ్యి డాలర్ల లోపు ఏది?

జవాబు ఉంది. కానీ మోడల్ పేరు చివర్లో వస్తుంది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మనవాళ్ల విషయంలో అయితే అన్నిటికన్నా ముందు వీసా.

ముందు వీసా, తర్వాత బందూకు

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామంది హెచ్-1బి మీదో, ఎఫ్-1 మీదో ఉన్నవాళ్లే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఎక్కువమందికి వర్తించేది, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. పౌరుల్లాగే ఫారం 4473 నింపి, నేపథ్య తనిఖీ అయ్యాక కొనుక్కోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది 'దగ్గర ఉంచుకోవడం' అనే మాట దగ్గర. దానికి బందూకు సొంతం కానక్కర్లేదు. స్నేహితుడి తుపాకీ చేతికి తీసుకుని రెండు రౌండ్లు కాల్చినా అందులోకే వస్తుంది. నిషేధం ఉన్నవారని తెలిసి ఇచ్చినవాళ్లకి కూడా కేసే. నిషేధం ఉన్నవారి కోసం పౌరసత్వం ఉన్న బంధువు తన పేరు మీద కొనిపెట్టడం ఇంకా పెద్ద నేరం. 2022లో తెచ్చిన చట్టం తర్వాత దీనికి 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. జైలుతో పాటు ఇమిగ్రేషన్ ఫైలు కూడా దెబ్బతింటుంది. ఒక ఆదివారం సరదా కోసం పదేళ్ల గ్రీన్ కార్డు క్యూ పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా. అనుమానం ఉంటే షాపులో కాదు, లాయర్‌ని అడగాలి.

రాష్ట్రాల నిబంధనలు వేరు. ఇల్లినాయ్‌లో ముందుగా ఫోయిడ్ కార్డు తీసుకోవాలి. న్యూజెర్సీలో కూడా కొనుగోలుకి గుర్తింపు కార్డు ఉంది. టెక్సాస్‌లో వేటకి వెళ్లేవారు 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారైతే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి.

ఇది చదివి హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో అలాంటిది కొందామనుకుంటే కుదరదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికారు ముచ్చట ముగిసింది. ఆయుధ నిబంధనల్లో సెమీ ఆటోమేటిక్‌లను మామూలు డబుల్ బారెల్ తుపాకులతో కలపకుండా విడి వర్గంలో పెట్టారు, ఆంక్షలు చాలా గట్టివి. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తికి రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, క్రీడాకారులకు మాత్రం సడలింపు ఉంది. హైదరాబాద్ నుంచి 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్ పోటీకి వెళ్లిన కైనన్ చెనాయ్ లాంటి షూటర్లు క్రీడా మార్గంలో పైకి వచ్చినవారు. ఆ స్థాయిలో వాడేది సెమీ ఆటో కాదు, ఒక బారెల్ మీద ఇంకో బారెల్ ఉండే ఓవర్-అండర్. అంతర్జాతీయ నిబంధనలు సెమీ ఆటోని ఒప్పుకుంటాయి, అయినా పోటీదారులు దాని జోలికి పోరు.

మరి సెమీ ఆటోనే ఎందుకు?

ధర, భుజం. ఈ రెండే కారణాలు. ఏళ్ల తరబడి వేల రౌండ్లు తట్టుకునే మంచి ఓవర్-అండర్ కొత్తది 2,000 డాలర్లు దాటుతుంది. 700 డాలర్లకి దొరికే ఓవర్-అండర్ షికారుకి ఏడాదికి నాలుగు సార్లు తీసుకెళ్తే సరిపోతుంది, కానీ వారం వారం క్లబ్‌లో కాలిస్తే తొందరగా వదులవుతుంది. అదే డబ్బుకి సెమీ ఆటో ఎక్కువ పని చేస్తుంది. పైగా వెనక్కి తన్నే దెబ్బ తక్కువ.

క్లబ్‌లో మూడు ఆటలు ఎక్కువగా కనిపిస్తాయి. ట్రాప్‌లో పళ్లెం షూటర్ ముందు నుంచి లేచి దూరంగా పోతుంది. స్కీట్‌లో ఎడమ, కుడి ఇళ్ల నుంచి అడ్డంగా దాటుతాయి. ఈ రెండింటిలో రౌండుకి 25 పళ్లేలు. స్పోర్టింగ్ క్లేస్‌లో తోటలో నడుస్తూ ఒక్కో స్టేషన్‌లో ఒక్కో కోణంలో కొట్టాలి, సాధారణంగా 50 లేదా 100. అంటే ఒక్క ఉదయం వంద సార్లు భుజానికి దెబ్బ. షికారులో అలా కాదు, రోజంతా నడిచి పది, ఇరవై తూటాలు కాలిస్తే గొప్ప. క్లే కోసం బరువైన, మెత్తగా తన్నే బందూకు కావాలి. షికారుకి తేలికైనది కావాలి. ఈ రెండూ ఒకే బందూకులో పూర్తిగా కుదరవు. ఎటు మొగ్గాలో కొనేవాడే తేల్చుకోవాలి.

గ్యాసా, ఇనర్షియానా

సెమీ ఆటో తనంతట తానే ఖాళీ తూటాని బయట పడేసి కొత్తది ఎక్కించుకుంటుంది. ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు తేడా.

గ్యాస్ పద్ధతిలో బారెల్‌కి చిన్న రంధ్రాలు ఉంటాయి. మందు కాలినప్పుడు పుట్టే వాయువు కొంత వాటిలోంచి వచ్చి పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. దెబ్బ ఒక్కసారిగా కాకుండా కాస్త సాగి భుజానికి చేరుతుంది, అందుకే మెత్తగా అనిపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ వాయువుతో పాటు మసి కూడా లోపలికి వస్తుంది. శుభ్రం చేయకపోతే వందల రౌండ్ల తర్వాత మొరాయిస్తుంది.

ఇనర్షియా పద్ధతి ఇటలీ కంపెనీ బెనెల్లీతో పేరు తెచ్చుకుంది. బందూకు వెనక్కి తన్నినప్పుడు లోపలి బోల్ట్ బరువు ఉన్నచోటే ఉండబోతుంది, ఆ మధ్యలో ఉన్న గట్టి స్ప్రింగ్ నొక్కుకుని, తిరిగి విప్పుకుంటూ బోల్ట్‌ని వెనక్కి తోస్తుంది. బ్రేక్ వేసిన బస్సులో నిలబడ్డవాడు ముందుకి తూలినట్టు అనుకోండి. భాగాలు తక్కువ, మసి తక్కువ, బరువు తక్కువ. బురదలో, వానలో తిరిగే వేటగాడికి ఇది హాయి. కానీ తన్ను ఎక్కువ. బలహీనమైన తూటాలతో, అందులోనూ కొత్త బందూకులో, ఒక్కోసారి ఖాళీ షెల్ సరిగా బయటపడదు. బందూకు మీద అదనపు బరువులు తగిలించినా అదే సమస్య.

చవక బందూకు బండారం బయటపడేది ఇక్కడే. షాపులో అమ్మేవాడు '3½ అంగుళాల మాగ్నమ్ కూడా కాలుస్తుంది' అని గొప్పగా చెబుతాడు. ఆ తూటా పెద్ద బాతుల వేటకి తప్ప మామూలు మనిషికి ఎందుకూ కొరగాదు. అసలు అడగాల్సింది తలకిందుల ప్రశ్న: అన్నిటికన్నా తేలికైన తూటా, అంటే ⅞ ఔన్స్ లేదా 1 ఔన్స్ టార్గెట్ లోడ్, ఇది ఆగకుండా కాలుస్తుందా? క్లబ్‌లో తొంభై శాతం పని అదే కదా. 3 అంగుళాల ఛాంబర్ ఉంటే క్లే, గువ్వలు, బాతులు అన్నిటికీ చాలు.

గేజ్ విషయంలో మొదటి బందూకుకి 12 గేజ్ మేలు. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, తేలిక లోడ్‌తో గ్యాస్ గన్ కాలిస్తే దెబ్బ పెద్దగా ఉండదు. సన్నగా ఉన్నవాళ్లు, కొత్తవాళ్లు 20 గేజ్ వైపు చూస్తారు, తప్పులేదు. కాకపోతే 20 గేజ్ తూటాలు చిన్నవి కదా అని చవకగా రావు. బారెల్ 28 అంగుళాలు మధ్యేమార్గం. విప్పి మార్చుకునే చోక్ ట్యూబులు కనీసం మూడు వచ్చేలా చూసుకోవాలి. స్కీట్‌కి తెరుచుకున్న చోక్, ట్రాప్‌కి మాడిఫైడ్ లేదా అంతకన్నా బిగువైనది, గువ్వలకి ఇంప్రూవ్డ్ సిలిండర్.

చొక్కా కొలతలాంటిదే

షాట్‌గన్‌కి రైఫిల్‌లా వెనక గురి ఉండదు. కన్నే వెనక గురి. చెంప కర్ర మీద ఎక్కడ ఆనిందో దాన్ని బట్టి ఛర్రాలు పోతాయి. అందుకే 600 డాలర్ల బందూకు ఒంటికి సరిపోతే, సరిపోని 1,800 డాలర్ల బందూకు కన్నా ఎక్కువ పళ్లేలు పగలగొడుతుంది.

చూసే పద్ధతి తేలిక. ఖాళీగా ఉందని షాపువాడు చూపించాక, తానూ చూసుకున్నాక, ఎవరూ లేని వైపు గోడ మూల మీద చూపు పెట్టాలి. కళ్లు మూసుకుని బందూకు భుజానికి ఎత్తి చెంప ఆనించాలి. కళ్లు తెరిస్తే బారెల్ పైపట్టీ సన్నగా, ముందు పూస దాని మీద కుదురుగా కనిపించాలి. రిసీవర్ వీపు మాత్రమే కనిపిస్తే కర్ర తక్కువైంది. పట్టీ అంతా రోడ్డులా పరుచుకుని కనిపిస్తే ఎక్కువైంది. ఇలా నాలుగైదు సార్లు చేయాలి, ఒక్కసారికి నమ్మకూడదు. సన్నని షిమ్ ముక్కలు వేసి కర్రని కాస్త ఎత్తు, పక్కకి జరుపుకునే వీలున్న మోడల్ దొరికితే మంచిది. కుడిచేతి వాటం ఉన్నా ఎడమ కన్ను పెత్తనం చేసేవాళ్లు ఉంటారు, అది కొనకముందే తెలుసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇక మోడళ్లు

ధరలు షాపుని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి, కాబట్టి ఇవి సుమారు లెక్కలే.

600 డాలర్ల చుట్టుపక్కల తుర్కియే సరుకే ఎక్కువ. మౌలానా రూమీ సమాధి ఉన్న కోన్యా ప్రాంతంలోనే హుగ్లు, ఉజుమ్లు అనే ఊళ్లు ఉన్నాయి. తుపాకుల తయారీ అక్కడ ఇంటింటి పని. అమెరికా పేర్లతో అమ్ముడయ్యే చవక షాట్‌గన్‌లలో చాలా వాటి పుట్టిల్లు తుర్కియేనే. స్టోగర్ ఎం3000 ఇనర్షియా పద్ధతి, బెనెల్లీ గ్రూపుదే, షికారుకి బాగుంటుంది. కొత్తలో కొన్ని బలమైన తూటాలు కాల్చి అలవాటు చేయాలి. ట్రైస్టార్ వైపర్ జి2 గ్యాస్ పద్ధతి, 5 ఏళ్ల వారంటీ ఇస్తారు. నెలకి ఒకటి, రెండు సార్లు వెళ్లేవాళ్లకి ఇవి చాలు. తుర్కియే సరుకు మీద అందరూ ఒకేలా తీసిపారేయడం సరికాదు. కాకపోతే ఒక బందూకుకి, పక్క బందూకుకి నాణ్యతలో తేడా కనిపించొచ్చు, అందుకే వారంటీ కాగితం ముఖ్యం.

900 నుంచి 1,000 డాలర్ల మధ్య అసలు పోటీ. బెరెట్టా ఎ300 అల్టిమా టెనెసీ రాష్ట్రం గాలటిన్‌లో తయారవుతుంది, గ్యాస్ పద్ధతి, షిమ్స్ పెట్టెలోనే వస్తాయి. వించెస్టర్ ఎస్ఎక్స్4 కూడా గ్యాసే, ఇంకాస్త తేలిక. ఫ్రాంకీ అఫినిటీ ఇటలీది, ఇనర్షియా, 12 గేజ్ కూడా 7 పౌండ్ల లోపే. రోజంతా నడిచేవాడికి ఇది వరం, వంద పళ్లేల రోజున మాత్రం భుజం గుర్తు చేస్తుంది. క్లే ఎక్కువ, షికారు తక్కువ అనుకునే సగటు మనిషికి ఎ300 అల్టిమా వైపే మొగ్గు. షికారే ఎక్కువైతే అఫినిటీ.

సెకండ్ హ్యాండ్‌లో రెమింగ్టన్ 1100ని మర్చిపోకూడదు. 1963లో వచ్చింది, మెత్తని తన్నుకి ఇప్పటికీ దాని పేరే చెబుతారు. అందులో గ్యాస్‌ని పట్టి ఉంచే చిన్న రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది, అది చిరిగితే బందూకు సరిగా పనిచేయదు. కొత్త రింగు చాలా చవక. అది తెలియక మంచి 1100ని పాడైందని తక్కువకి అమ్మేసేవాళ్లూ ఉంటారు. పాతది కొంటే ఛాంబర్ 2¾ అంగుళాలా, 3 అంగుళాలా అని బారెల్ మీద చదవాలి. చిన్న ఛాంబర్‌లో పెద్ద తూటా ప్రమాదం. బాతుల వేటకి అమెరికా అంతటా 1991 నుంచి సీసం ఛర్రాలు నిషేధం, పాత బారెల్ స్టీల్‌కి పనికొస్తుందో లేదో కూడా కనుక్కోవాలి.

ఖర్చు బందూకుతో ఆగదు

25 తూటాల బాక్స్ 10 డాలర్లు అనుకుందాం. వారానికి 4 బాక్సులు అంటే 40 డాలర్లు, 50 వారాలకి 2,000. క్లబ్ ఫీజు, చెవులకి రక్షణ, కళ్లద్దాలు వేరే. 600 డాలర్ల బందూకుకి, 1,000 డాలర్ల బందూకుకి ఉన్న 400 తేడా పది వారాల తూటాలతో సమానం. కాబట్టి వారం వారం కాల్చేవాడు ఆ 400 దగ్గర పిసినారితనం చేస్తే నష్టపోతాడు. ఏడాదికి ఐదు సార్లు వెళ్లేవాడికి ఆ 400 తూటాలకి పెట్టుకోవడమే లాభం.

క్లబ్‌లో, పొలంలో

సెమీ ఆటో విరిచి చూపించే రకం కాదు, కాబట్టి లోపల తూటా ఉందో లేదో పక్కవాళ్లకి కనిపించదు. నడిచేటప్పుడు బోల్ట్ తెరిచే ఉంచాలి, ఛాంబర్‌లో రంగు జెండా ముక్క పెడితే ఇంకా మంచిది. ట్రాప్ సింగిల్స్‌లో ఒక్క తూటా, స్కీట్, స్పోర్టింగ్‌లో రెండు, అంతకు మించి నింపకూడదు. ఖాళీ షెల్స్ కుడి వైపు ఎగిరి పక్కవాడి మీద పడతాయి. ట్రాప్ లైన్‌లో నిలబడేముందు షెల్ క్యాచర్ బిగించుకోవడం మర్యాద. గువ్వలు, బాతులు లాంటి వలస పక్షుల వేటలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకుండా మ్యాగజైన్‌లో ప్లగ్ ఉండాలి. క్లబ్‌లో తీసేసిన ప్లగ్ మళ్లీ పెట్టడం మర్చిపోయి పొలంలో వార్డెన్‌కి దొరికితే కేసే.

ఇంట్లో 12, 20 గేజ్ రెండూ ఉంటే తూటాలు ఒకే సంచిలో వేయకూడదు. 20 గేజ్ తూటా 12 గేజ్ బారెల్‌లోకి జారి ముందుకి పోయి ఇరుక్కుంటుంది. వెనక ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 తూటా ఎక్కించి కాలిస్తే బారెల్ పేలుతుంది. 20 గేజ్ తూటాలకి పసుపు రంగు వేసేది అందుకే. చొక్కా జేబు, కారు డిక్కీ, వేట సంచి ఖాళీ చేశాకే గేజ్ మార్చాలి.