ఒకే కనెక్షన్, నాలుగు కంప్యూటర్లు: ఇంటర్నెట్టు వంతుల చరిత్ర

బాళగనూరు ఉన్న రాయచూరు జిల్లాలో వంతు అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. 1953లో తుంగభద్ర నీరు కాలువలకు వదిలిన తరువాత కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న తెలుగు రైతులకు అది నిత్యానుభవం. ఎడమగట్టు కాలువ పొడవు 227 కిలోమీటర్లు. ఎగువన వరి విస్తారంగా వేస్తే చివరి ఆయకట్టుకు నీరందదు. ఇంటిలోని ఇంటర్నెట్టు చరిత్ర కూడా ఇటువంటిదే.

మనదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు అందించింది. ఒక ఫోను, ఒక మోడెం, ఒక కంప్యూటరు; అప్పటి లెక్క అంతే. కనెక్షన్‌కు లభించే సంఖ్యారూపమైన చిరునామా కూడా ఒక్కటే. ఆ పద్ధతిలో ప్రపంచమంతటికీ ఉన్న చిరునామాలు సుమారు 429 కోట్లు. అవి చాలవని నిపుణులు ముందే గ్రహించారు. 1994 మేలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఒక ఉపాయం ప్రకటించారు. దాని పేరు మన భాషోపాధ్యాయులకు చిరపరిచితమే: అనువాదం! లోపలి యంత్రాలకు సొంత చిరునామాలు ఉంటాయి. ద్వారం వద్దనున్న రౌటరు వాటిని బయటి చిరునామాలోకి మార్చి పంపుతుంది. తరువాత పోర్టు సంఖ్యల సాయంతో ఇంటిల్లిపాదికీ ఒకే బయటి చిరునామా సరిపోయింది. ఏ జవాబు ఎవరిదో రౌటరు తన పట్టికలో చూచి అందజేస్తుంది. 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలు 1996 ఫిబ్రవరినాటి ప్రమాణంలోనివి. దీనిని తాత్కాలికమని దాని కర్తలే అన్నారు. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వలోని చిరునామాలు అయిపోయాయి. తాత్కాలికం మాత్రం నేటికీ నిలిచే ఉంది.

1999లో విండోస్ 98 రెండవ కూర్పు ఈ సదుపాయాన్ని సామాన్యుల ఇళ్ళకు తెచ్చింది. అయితే కనెక్షన్ ఉన్న కంప్యూటరు ఆపితే మిగిలినవన్నీ మూగపోయేవి. ఆ బెడద తీర్చినది రౌటరు పెట్టె.

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ వచ్చింది. సెకనుకు 256 కిలోబిట్లు, అంటే 32 కిలోబైట్లు. నలుగురు పంచుకొంటే తలకు 8. తెలుగు అక్షరరూపం యూనికోడ్‌లో సాధారణంగా 3 బైట్లు, ఒత్తులకూ గుణింతాలకూ వేరే. అయినా ఆ ఎనిమిదింటిలో సెకనుకు రెండువేల ఏడువందల అక్షరరూపాలు వస్తాయి. ఏ పిల్లవాడూ అంత వేగంగా చదవలేడు! తెలుగు పఠనానికి కొరత వేగం కాదు, వంతు. అన్న సినిమా దించుకొంటుంటే చెల్లెలి కథ తెరుచుకోదు. ఏది పాఠమో ఏది వినోదమో సాధారణ రౌటరుకు తెలియదు. కొన్ని పథకాలలో రాత్రి 2 నుండి ఉదయం 8 వరకు లెక్క ఉండేది కాదు. పెద్ద ఫైళ్ళను ఆ వేళకు నెట్టిన ఇళ్ళవారు తెలివైనవారు.

2010లో ఆండ్రాయిడ్ 2.2తో ఫోనే రౌటరయింది. 2020లో బడులు మూతపడినపుడు ఒక ఫోనుమీద ఇద్దరు ముగ్గురు పిల్లల చదువులు ఆధారపడ్డాయి. ఫోనే లేని పిల్లలకోసం కర్ణాటక ప్రభుత్వం ఆ ఆగస్టులో విద్యాగమ ఆరంభించి ఉపాధ్యాయులను వీధులకు పంపింది. అక్టోబరులో అదీ ఆగింది. బోధన కన్నడంలోనో ఆంగ్లంలోనో సాగే ఇంట తెలుగు వంతు చివరన రావడం సహజం. అందుచేత తెలుగు పాఠాన్ని వీడియోగా కాక అక్షరాలుగా పంపడమే మేలని నా అభిప్రాయం. పది పుటల కథ ఎనిమిది కిలోబైట్ల వంతులో కూడా నిమిషంలోపు దిగుతుంది. దిగిన తరువాత కనెక్షన్‌తో పనిలేదు.