రాజుగారి వంటయిల్లు – కాపరి మంద

వేంపల్లె దగ్గర పాపఘ్ని సంవత్సరములో ఎక్కువ నెలలు ఇసుకదారియే. శ్రావణ శనివారములలో ఆ యేటి గట్టున వెలసిన గండి వీరాంజనేయస్వామి దర్శనమునకు జనము తండోపతండములుగా సాగుదురు. ఆ నెల పలు ఇండ్లలో మాంసము వండరు. నెల గడచిన పిమ్మట సంగటికి తోడుగా నాటుకోడి పులుసు యథాప్రకారముగా పొయ్యి నెక్కును. ఒకే ఇంట రెండు ధర్మములును కాపురము చేయుచున్నవి. మన సీమలో ఈ రెంటి చరిత్రయు మిక్కిలి ప్రాచీనమైనది. ఆ సంగతియే నేడు శ్రోతలకు మనవి చేయదలచినాను.

కొన్నేండ్ల క్రిందట గ్రామీణ కార్యక్రమమునకై మాటలు రికార్డు చేయుటకు వేంపల్లె ప్రాంతమునకు పోయి, అచట ఒక గొఱ్ఱెల కాపరిని అడిగినాను: పెంచిన చేతులతోనే కోతకు అమ్ముటకు మనసెట్లొప్పునని. ఆయన నవ్వి, "ఈ గుట్ట మీది కసువు మనిసి తినలేడు గదా సామీ. గొర్రె తింటాది. గొర్రెను మనం తింటాము. ఈ బీట్లో ఇంగేం పండించాల్నో మీరే చెప్పండి" అన్నాడు. మా యింట మాంసము ఎన్నడును వండరు. అయినను ఆ ప్రశ్నకు నా వద్ద బదులు లేకపోయినది.

బదులు వెదకుచుండగా ఎఱ్ఱగుడి బండలు జ్ఞప్తికి వచ్చినవి. కర్నూలు జిల్లాలో, గుత్తి నుండి పత్తికొండకు పోవు దారిలో ఉన్న ఆ బండలపై అశోకుని శాసనములు గలవని 1920ల చివర ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. అవి క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్ది నాటివి, భాష ప్రాకృతము. అందలి పదునాలుగు శిలాశాసనములలో మొదటిది జీవహింసను గూర్చినదే. బలి కొఱకు ప్రాణిని చంపరాదని చెప్పి, రాజు వెంటనే తన వంటయింటి సంగతి ఎత్తుకొనును. పూర్వము ఆ వంటయింటి కూరలకై దినదినము లక్షల ప్రాణులు చచ్చెడివట. శాసనము వ్రాయించునాటికి మూడే మిగిలినవి: రెండు నెమళ్ళు, ఒక లేడి. ఆ లేడియు ప్రతిదినము కాదు. ఇకమీదట ఈ మూటిని గూడ చంపరట.

నాకు ఇందు మిక్కిలి నచ్చినది ఆ "ప్రతిదినము కాదు" అను మాట. చక్రవర్తి తన పళ్ళెములోని లేడిని లెక్కపెట్టి, పదిమందికి తెలియునట్లు బండమీద చెక్కించినాడు. ఒకరి కుండలో ఏమున్నదని అడుగుటకు ముందు తన కుండ మూత తీసినాడు. తరువాత, పట్టాభిషేకమైన 26 ఏండ్లకు, ఉత్తరాది స్తంభములపై చంపరాని ప్రాణుల పట్టిక నొకదానిని వ్రాయించినాడు. సూడిగొఱ్ఱె, పాలిచ్చు మేక, ఆఱు నెలలు నిండని పిల్ల అందులో ఉన్నవి. మాంసము మానుమనుట కాదిది. మంద తెగిపోకుండ చూచుకొమ్మనుట వలె నాకు తోచును. వేంపల్లె కాపరికి ఈ నియమము ఎవరును నేర్పనక్కఱలేదు.

అటుపిమ్మట అహింస మన నేలపై పలు నోళ్ళ పలికినది. జమ్మలమడుగు సమీపమున, పెన్న ఒడ్డున, దానవులపాడులో రాష్ట్రకూటుల నాటి జైనక్షేత్రము త్రవ్వకములలో బయటపడినది. వేమన జీవహింసను శివభక్తికే విరుద్ధమన్నాడు. ఆయన పద్యములను బ్రౌను దొర 1829లో అచ్చొత్తించినాడు. దేవాలయములలో జంతుబలిని నిషేధించుచు మద్రాసు ప్రభుత్వము 1950లో చట్టము చేసినది. ఇన్ని జరిగినను, 2014 నాటి ప్రభుత్వ సర్వేలో ఆంధ్రప్రదేశమున పదునైదేండ్లు నిండిన వారిలో నూటికి 98 మంది మాంసాహారులని తేలినది. దేశము మొత్తముమీద ఆ లెక్క 71.

దీనికి కారణమును మతములో కంటె నేలలో వెదకుట మేలు. కొఱ్ఱ, సజ్జ, జొన్న, ఉలవ: ఇవియైనను వాన కరుణించిననే పండును. 1876–78 నాటి దారుణ కరువులో ఈ జిల్లాలు ఎట్లు మాడిపోయినవో చరిత్ర చదివినవారెఱుగుదురు. చేను ఎండిన చోటనే ఎండును. మంద మాత్రము వాన పడిన దిక్కునకు నడచిపోగలదు. పైరు కోసిన చేలో రాత్రి మందను నిలిపిన రైతుకు ఎరువు దక్కును, కాపరికి గింజలో రూకలో దక్కును. మరుసటి యేటి శాకాహారపు పంటకు గూడ ఆ గొఱ్ఱెయే బలమిచ్చినదన్నమాట!

కాని కాపరి వాదమునకు ఒక హద్దు గలదు. నేడు బజారులో చవుకగా దొరకు ఫారంకోడి గుట్టమీది కసువు మేయదు. మొక్కజొన్న, సోయాచిక్కుడు తినును; కిలో బరువు పెరుగుటకు ఒకటిన్నర నుండి రెండు కిలోల మేత కావలెను. అనగా మంచి పొలము, మంచి నీరు కావలెను. "మనిసి తినలేనిది తింటాది" అను మాట ఆ కోడికి చెల్లదు. గొఱ్ఱెకును హద్దున్నది. 2019 పశుగణనలో రాష్ట్రమున 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు తేలినవి. మేపుబీళ్ళు మాత్రము వాటితో పాటు పెరుగవు గదా.

మా పక్షము వారును సంతోషింపవలసినదేమియు లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చిన తరువాత, సంగటి తినిన ఇండ్లలో గూడ వరి అన్నము నిత్యాహారమైనది. వరికి మడిలో నీరు నిలువవలెను. కొఱ్ఱకు ఆ పేరాస లేదు. ఇక మా యింటి పాలు, పెరుగు సంగతి: పాడి గేదెకు పుట్టిన దున్నదూడ చివరకు ఎచటికి పోవునో మేము అడుగము. అశోకుడైనచో ఆ లెక్కను గూడ బండమీద వ్రాయించియుండును.

మరల వేంపల్లె పోయినప్పుడు ఆ కాపరి కనబడిన, ఆఱు నెలలు నిండని పిల్లలను తెగనమ్మవలసి వచ్చిన యేడు ఏదని అడుగవలెననుకొన్నాను. ఆయన ఊరకుండడు. "మీ బియ్యానికి నీళ్లు ఎన్నడుగుల బోర్లోనుంచి వచ్చినాయి సామీ?" అని తిరిగి నన్ను అడుగును.