గురజాడ అప్పారావుగారి విద్యార్థిదశా రచనము : ఆంగ్ల ‘సారంగధర’

గురజాడ అప్పారావుగారి పేరు వినఁగానే కన్యాశుల్కనాటకము స్ఫురించును. దాని వెనుక ముత్యాలసరములు స్ఫురించును. ఈ రెంటికిని జాల ముందుగా, విజయనగరము మహారాజావారి కళాశాలలో విద్యార్థిగా నున్న దినములలో, ఆయన యాంగ్లభాషయందు ‘సారంగధర’ యను కావ్యమును రచించి పత్రికాముఖమునఁ బ్రకటించెను. చరిత్రకారులు దీని నొక్క వాక్యముతో దాఁటిపోవుచున్నారు. బాల్యచాపలమని కొందఱును, పరభాషావ్యామోహమని కొందఱును దీనిని ద్రోసివేయుదురు. ఈ యుపేక్ష తగదు. కళాశాలలోఁ జదువుచున్న యొక బీదవిద్యార్థి తన రచనకుఁ బాఠకుల నెట్లు సంపాదించుకొనెనో, ఆ పాఠకులు వాని నే త్రోవకుఁ ద్రిప్పిరో తెలిసికొనుటకు నింతటి స్పష్టమైన నిదర్శనము మన వాఙ్మయచరిత్రమున దొరకుట యరుదు.

అప్పారావుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని విశాఖపట్టణమండలమందలి రాయవరమున జన్మించిరి. తండ్రి వేంకటరామదాసుగారు. తొలిచదువు చీపురుపల్లిలో జరిగినది. తండ్రి గతించిన పిమ్మట బాలుఁడు విజయనగరమునకు వచ్చెను. కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు వానికిఁ గూడును నీడయు నిచ్చి చదివించిరి. ఆ విద్యాలయము 1857లోఁ బాఠశాలగా వెలసి, 1879లో మొదటితరగతి కళాశాలయై, బి.ఏ. వఱకు బోధించుచుండెను. గిడుగు రామమూర్తిగారు అప్పారావుగారికి సహాధ్యాయులు. అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పరీక్షల నిచ్చిరి. సారంగధర వెలువడిన 1883వ సంవత్సరము మొదటి రెండు పరీక్షల నడుమ వచ్చుచున్నది. ఉద్యోగము లేదు, గ్రంథము నచ్చువేయించుకొను ధనము లేదు, కవియని పేరును లేదు. అట్టివానికిఁ బత్రిక తప్ప వేఱు దిక్కు లేదు.

ఆ పత్రిక విజయనగరముననే దొరకినది. గుండుకుర్తి వేంకటరమణయ్యగారు ‘ఇండియన్ లీజర్ అవర్’ అను నాంగ్లపత్రికకు సంపాదకులుగా నుండిరి. లండను నగరమున 1852 నుండి వెలువడుచుండిన ‘లీజర్ అవర్’ను ఈ పేరు తలపించును. వేంకటరమణయ్యగారు యువకుని ప్రోత్సహించి, సారంగధర కావ్యమును దమ పత్రికలోఁ బ్రకటించిరి.

విద్యార్థి తెలుఁగున నేల వ్రాయలేదని యడుగువా రుందురు. తెలుఁగు పత్రికలు లేకపోలేదు. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ఆంధ్రభాషాసంజీవని 1871లోను, వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని 1874లోను బుట్టినవి. కాని కళాశాలలో శాస్త్రము, చరిత్రము, గణితము మొదలగునవన్నియు నాంగ్లముననే బోధింపఁబడుచుండెను. విద్యార్థికి సహజముగా లభించు పాఠకులు తోడివిద్యార్థులు, ఉపాధ్యాయులు, వకీళ్లు, కచేరీ యుద్యోగులు. వీరందఱికిని సామాన్యమైన భాష యాంగ్లమే. ఆంధ్రదేశపు టెల్లలు దాఁటి చదువఁబడవలెనన్నను నదియే మార్గము. మఱియొక కారణమును గలదు. తెలుఁగుపద్యము వ్రాసినచో యతిప్రాసములను, సంధులను బట్టి నిలదీయువారు సంస్థానమున వీథికొకరుండిరి. ఆంగ్లపద్యమున గణభంగమును బట్టువారు విజయనగరమున నెందఱు! క్రొత్తచేతి కిది కొంత యూరట.

భాష పరులదైనను వస్తువు మనదే. రాజరాజనరేంద్రుని కుమారుఁడైన సారంగధరుఁడు, సవతితల్లి చిత్రాంగి, ఆమె యపనింద, కరచరణఖండనము, ఇదియంతయు రాజమహేంద్రవరమున నేఁటికిని జెప్పుకొను కథ. చేమకూర వేంకటకవి దీనిని బ్రబంధముగా రచించెను. అప్పటి యాంగ్లవిద్యావంతులలో స్వదేశకథలను ఆంగ్లచ్ఛందస్సులో నుంచు ప్రవృత్తి యొకటి ప్రబలుచుండెను. వంగదేశీయురాలు తోరూ దత్తు 1877లో నిరువదియొక్క యేఁట గతింపఁగా, ఆమె రచించిన పురాణకథాకావ్యములు 1882లో లండనున వెలువడినవి. సారంగధర దానికి మఱుసటి యేఁటిది. ఒకటి రెండవదానికి మూలమనుట కాధారము చూపవలసియుండును. ఒకే కాలపు గాలి యిద్దఱికిని సోఁకినదనుట చాలును.

పత్రికాధిపతులు తమ పత్రికల నొకరి కొకరు పంపుకొని, మెచ్చినదానిని దమ పుటలలోఁ దిరుగ నచ్చువేయుట నాఁటి యాచారము. విజయనగరపు విద్యార్థి పేరు కలకత్తా చేరుట కిట్టి పునర్ముద్రణమే వాహనమైనది. అచట శంభుచంద్ర ముఖర్జీగారు (1839–1894) 1882 నుండి ‘రీస్ అండ్ రయ్యత్’ అను వారపత్రికను నడపుచుండిరి. వారు సారంగధరను దమ పత్రికలోఁ బునర్ముద్రించిరి. అంతతో నూరకుండక, ఎంత ప్రజ్ఞ గలవానికైనను బరభాషలోఁ దన శక్తి పూర్ణముగా వెల్లడికాదని, మాతృభాషలోనే వ్రాయుమని యువకునికి హితవు చెప్పిరి.

ఈ హితవునకు వంగదేశమున నొక పూర్వకథ కలదు. మైకేల్ మధుసూదనదత్తు చెన్నపురి నివాసకాలమున, 1849లో, ‘క్యాప్టివ్ లేడీ’ యను నాంగ్లకావ్యమును బ్రకటింపఁగా, బెథూన్ దొర వంగభాషలో వ్రాయుమని బోధించెను. 1861లో మేఘనాదవధకావ్యము వెలువడినది. వంగీయుఁడైన ముఖర్జీగారి కీ వృత్తాంతము తెలియకుండుట సంభవింపదు. తెలిసియే తెలుఁగు విద్యార్థికి నదే మందు నిచ్చెనని యూహింపవచ్చును.

ఇంతవఱకు వివాదము లేదు. వివాదము దీని తరువాతిది. ముఖర్జీగారి మాటచేతనే అప్పారావుగా రాంగ్లమును వదలి తెలుఁగునకు మరలిరని సాధారణముగాఁ జెప్పుచుందురు. కాలక్రమము దీనికి సరిపడదు. సారంగధర 1883 నాఁటిది. కన్యాశుల్కము విజయనగరమునఁ బ్రథమముగాఁ బ్రదర్శింపఁబడినది 1892లో, అచ్చుపడినది 1897లో. హితవునకును ఫలమునకును నడుమఁ దొమ్మిదేండ్లు గడచినవి. పైఁగా ఆంగ్ల మాయనను విడువనేలేదు. కన్యాశుల్కమునకుఁ బీఠిక యాంగ్లమే. తన దినచర్యలను బెక్కుపట్ల నాంగ్లముననే వ్రాసికొనెను. గ్రాంథికవాదులతోఁ బోరాడి 1914లో విశ్వవిద్యాలయమున కర్పించిన యసమ్మతిపత్రమును నాంగ్లమే. తెలుఁగు వాడుకభాషను సమర్థించిన ప్రధానగ్రంథమే యాంగ్లమున నుండఁగా, ఆయన యాంగ్లమును వదలెనని యెట్లు చెప్పవచ్చును?

కావున నుపదేశము బీజమైనను క్షేత్రము వేఱు. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణమండలమున బ్రాహ్మణులలో జరిగిన శుల్కవివాహముల పట్టిక నొకదానిని దయారు చేయించిరి. మూఁడేండ్లలో 1,034 వివాహములు, అనఁగా నేఁటికి సగటున 344, లెక్కకు వచ్చినవి. వానిలో నైదేండ్ల కన్యలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవా రార్గురు, ఏఁడాదివారు మువ్వురు. కన్యాశుల్కము తొలిముద్రణపీఠికలో అప్పారావుగారే యీ సంఖ్యలను బేర్కొనిరి. ఏఁడాది శిశువును వెలకట్టి యిచ్చు తండ్రి ‘ఇండియన్ లీజర్ అవర్’ చదువువాఁడు కాఁడు. వానికిఁ జెప్పవలసినది వాని భాషలో, నాటకశాలలోఁ జెప్పవలెను. విద్వల్లోకమునకు వ్రాయునప్పు డాంగ్లము, ఊరివారికి వ్రాయునప్పుడు తెలుఁగు : ఆయన రచనలన్నింట నీ విభాగము కన్పట్టుచున్నది. భాషను మార్చినది కేవలము ముఖర్జీగారి లేఖ కాదు; మాఱిన శ్రోతృలోకము.

నాటకమందలి పాత్రలభాష లక్షణవిరుద్ధమని వైయాకరణులు గర్హించిరి. ఆ గర్హణమంతయు నిర్మూలమనుట కష్టము. పాత్రోచితభాష వేఱు, శాస్త్రగ్రంథభాష వేఱు అను భేదమును వాడుకవాదులును గొన్నియెడల మఱచిరి. అయినను గుండకై కుమ్మరియింటికిఁ బోయినట్లు శబ్దమునకై వైయాకరణుని యింటి కెవ్వరును బోవరని పతంజలి చూపిన దృష్టాంతమును జదివినవారు, గిరీశము నోట బాలవ్యాకరణము పలుకవలెనని పట్టుపట్టుట వింతయే.

విద్యార్థిదశలో నలవడిన యొక పద్ధతి మాత్రము అప్పారావుగారిని గడవఱకును విడువలేదు. క్రొత్తరీతి రచనను ముందుగాఁ జిన్నపత్రికలోఁ బరీక్షించుట యాయన మార్గము. 1910వ సంవత్సరము ఫిబ్రవరిలో ‘దిద్దుబాటు’ కథానిక మచిలీపట్టణపు ఆంధ్రభారతిలో వెలువడినది. ఆ మాసపత్రిక యప్పుడే పుట్టినది. దానిని స్థాపించిన అయ్యంకి వేంకటరమణయ్యగారికి ఇరువదియేండ్లైనను నిండలేదు. 1883లో నిరువదియేండ్లు దాఁటిన విద్యార్థి తన కావ్యమును బట్టుకొని గుండుకుర్తి వేంకటరమణయ్యగారి పత్రిక నాశ్రయించెను. 1910లో నలువదియేడేండ్ల ప్రఖ్యాతకవి తన కథను, ప్రాయమున నాఁటి తనవంటివాఁడే యైన వేఱొక వేంకటరమణయ్యగారి పత్రికకు నొసఁగెను.