రెండు వైపులా ఒకే కుట్టు

ధ్యాన భాగము: 1 సమూయేలు 16:7, కీర్తన 139:13-16



కుట్టుపని తెలిసిన సహోదరి చేతికి ఒక ఎంబ్రాయిడరీ బట్ట ఇచ్చి చూడండి. ఆమె మొదట చేసే పని దాన్ని తిరగేయడం. పైన పువ్వు ఎంత అందంగా ఉన్నా, అడుగున ముడులు, చిక్కులు కనబడితే పనితనం ఎంతో తెలిసిపోతుంది. అలా తిరగేసి చూసినా తప్పు దొరకని ఒక కుట్టు ఉంది. ఈ వారం ఆ కుట్టును గురించి, దానితో పేరు ముడిపడిన ఒక రాణిని గురించి ధ్యానిద్దాం.

16వ శతాబ్దపు ఇంగ్లాండులో తెల్లని నారబట్ట మీద నల్లని పట్టుదారంతో కుట్టే పనికి బ్లాక్‌వర్క్ అని పేరు. పై వస్త్రాలు ఖరీదైన పట్టు, మఖమలు. వాటిని ఉతకడం కుదరదు. ఒంటికి తగిలే లోపలి చొక్కా మాత్రం నారబట్టది, ఉతికి వేసుకునేది. ఆ చొక్కాలో బయటికి కనబడేది మెడపట్టీ, ముంజేతి పట్టీ. కాబట్టి పనితనమంతా అక్కడే చూపించేవారు.

ఆ పట్టీల అంచులు కుచ్చులుగా విచ్చుకుని ఉండేవి. లోపలి వైపు, బయటి వైపు రెండూ చూసేవారి కళ్లకు కనబడతాయి. అందుకని రెండు వైపులా ఒకేలా ఉండే కుట్టు కావలసి వచ్చింది. సూది మొదట బట్ట దారాలు లెక్కపెట్టుకుంటూ, ఒక కుట్టు వేసి, అంతే ఖాళీ విడిచి, చివరిదాకా పోతుంది. మళ్లీ అదే దారిన వెనక్కి వస్తూ, విడిచిన ఖాళీలను పూడుస్తుంది. ముడి వేయరు. దారం కొసను కుట్ల కిందే దాచేస్తారు. ఈనాడు పాతకాలపు దుస్తులను చేతితో మళ్లీ కుట్టేవారు కూడా ఇలాగే లెక్కపెట్టి కుడతారు. వెళ్లేటప్పుడు ఒక్క దారం లెక్క తప్పితే తిరిగి వచ్చేటప్పుడు అది బయటపడుతుంది, విప్పి మళ్లీ కుట్టాలి.

ఈ పనికి 'స్పానిష్ పని' అనే పేరు కూడా ఉంది. 1501లో స్పెయిను నుండి ఇంగ్లాండుకు కోడలిగా వచ్చిన అరగాన్ కేథరిన్ దీన్ని తెచ్చిందని చెప్పుకుంటారు. నిజానికి ఆమె పుట్టకముందే, 14వ శతాబ్దంలో, కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల్లో ఒక వడ్రంగి భార్య చొక్కా మెడకు లోపలా బయటా నల్లపట్టు కుట్టు ఉందని వర్ణించాడు. కాబట్టి తెచ్చింది ఆమె కాదు. ఆమె రాణి అయ్యాక దానికి గౌరవం పెరిగింది, పేరు ఆమెది అయింది.

కేథరిన్ మొదటి భర్త ఆర్థర్ 1502లో చనిపోయాడు. 1509లో అతని తమ్ముడు ఎనిమిదవ హెన్రీ ఆమెను పెండ్లాడి రాణిని చేశాడు. మగబిడ్డ నిలవలేదు. రాజు మనస్సు ఆన్ బొలీన్ మీదికి పోయింది. మా పెండ్లి అసలు పెండ్లే కాదని తీర్పు ఇమ్మన్నాడు. 1529లో విచారణ సభలో కేథరిన్ రాజు ముందు మోకరించి, నేను నీకు నమ్మకమైన భార్యనేనని చెప్పి లేచి వెళ్లిపోయింది. వెనుకనుండి పిలిచినా తిరిగి రాలేదు. ఆ తరువాత ఇద్దరు కార్డినళ్లు మాట్లాడటానికి వెళ్తే, ఆమె పనికత్తెలతో కుట్టుపని చేసుకుంటూ, మెడలో తెల్లదారపు చుట్టతోనే బయటికి వచ్చింది. 1530లో కూడా రాజు చొక్కాలకు బట్ట ఆమెకే పంపుతున్నాడు. అది తెలిసి ఆన్ బొలీన్ మండిపడింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక చేత్తో ఆమె భర్త చొక్కా కుడుతోంది. నోటితో మాత్రం భర్త కోరిన అబద్ధం చెప్పడంలేదు. ప్రేమ ఉందని సత్యాన్ని వదులుకోలేదు, సత్యం ఉందని ప్రేమను పారేయలేదు. ఆ తగవు పెరిగి 1534లో ఇంగ్లాండు సంఘం రోము నుండి వేరుపడింది. మనం ప్రొటెస్టెంట్లం, ఆమె కతోలిక స్త్రీ. అయినా ఆమె జీవితం తిరగేసి చూస్తే రెండు వైపులా ఒకే కుట్టు కనబడుతుంది. 1536 జనవరిలో ఆమె రాజభవనానికి దూరంగా చనిపోయింది. అదే సంవత్సరం రాణి అయిన జేన్ సీమోర్ చిత్రాన్ని హోల్‌బైన్ గీశాడు. ఆ చిత్రంలో రాణి ముంజేతి పట్టీల మీద ఉన్నది ఈ నల్లకుట్టే. తరువాతివారు ఈ కుట్టుకు ఆ చిత్రకారుని పేరే పెట్టారు.

సహోదరీలారా, కొట్టే భర్తను మౌనంగా భరించమని నేను చెప్పడంలేదు. కేథరిన్ మౌనంగా లేదు. అన్యాయం జరిగినచోట నిలబడి మాట్లాడండి, సంఘం మీ పక్షాన నిలవాలి. నేను చెప్పేది వేరొకటి.

ఆనాటి నల్లరంగు మాచికాయ రసం, ఇనుము కలిసి వచ్చేది. మన కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము పులిసిన బెల్లపు నీళ్లతో నలుపు తెచ్చేది కూడా ఇదే గుణంతో. నలుపు నిండుగానే వస్తుంది, కాని ఆ ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ పట్టుదారాన్ని తినేస్తుంది. అందుకే మ్యూజియాల్లో మిగిలిన పాత వస్త్రాల్లో చాలాచోట్ల నల్లదారం రాలిపోయి, సూది గుచ్చిన రంధ్రాలే మిగిలాయి. మనకు జరిగిన అన్యాయాన్ని లోపల చేదుగా నిలవ ఉంచుకుంటే అదీ ఇంతే. చూసేవారికి ఏమీ తెలియదు, దారం మాత్రం లోలోపల తెగుతూ ఉంటుంది. హెబ్రీ పత్రిక 12:15 హెచ్చరించే చేదు వేరు ఇదే.

అయినా నిరీక్షణ ఉంది. దారం పోయినచోట కూడా ఆ రంధ్రాలను బట్టి పూర్వపు ఆకారం ఏమిటో నిపుణులు చదవగలుగుతున్నారు. మరి మనలను చేసినవాడు చదవలేడా? కీర్తన 139:15లో దావీదు తన నిర్మాణాన్ని గురించి వాడిన హెబ్రీ మాట, ప్రత్యక్ష గుడారపు తెరలను కుట్టిన పనివాని పేరు, రెండూ ఒకే ధాతువు నుండి వచ్చినవే. తల్లి గర్భంలో, ఎవరూ చూడని చోట, దేవుడు మనలను కుట్టుపనిలా కూర్చాడు. మన అడుగువైపు ఆయనకు కొత్త కాదు.

ఆదివారం బల్ల దగ్గర నేను పైవైపే చూపిస్తాను. ఇంట్లో నా భార్యాపిల్లలు చూసేది అడుగువైపు. అందుకే ఈ వారం ముందు నన్ను నేనే తిరగేసి చూసుకోవాలి. మీరూ అలా చేయండి. లెక్క తప్పినచోట సిగ్గుపడి దాచకండి. విప్పి, మళ్లీ కుడదాం.

ప్రార్థన: ప్రభువా, మా పైవైపును, అడుగువైపును ఎరిగినవాడా, మా నోటిని మా హృదయాన్ని ఒకటి చేయుము. మాలో దాగిన చేదును తీసివేయుము. విడువబడిన మా సహోదరీలకు నీవే తోడుగా ఉండుము. ఆమేన్.