బుల్లెట్ జర్నల్

బుల్లెట్ జర్నల్ అనేది రోజువారీ పనులను, కార్యక్రమాలను, ఆలోచనలను ఒకే నోటుపుస్తకంలో క్లుప్తంగా రాసుకునే ప్రణాళికా పద్ధతి. అమెరికాకు చెందిన డిజిటల్ ఉత్పత్తుల డిజైనర్ రైడర్ క్యారల్ దీని రూపకర్త. చిన్నతనంలోనే ఏకాగ్రత లోపం ఉన్నట్టు నిర్ధారణ అయిన ఆయన, ఏళ్ల తరబడి తన కోసం మలచుకున్న ఈ విధానాన్ని 2013లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. 2018లో పుస్తకంగా వెలువరించారు.

విషయసూచిక, రాబోయే నెలల పట్టిక, నెలవారీ పట్టిక, దినపట్టిక ఇందులోని ప్రధాన భాగాలు. చేయాల్సిన పనికి చుక్క, కార్యక్రమానికి సున్న, గమనికకు అడ్డగీత పెడతారు. పూర్తయిన పని చుక్కపై ఇంటూ గుర్తు వేస్తారు. మిగిలిన పనులను నెలాఖరున చేత్తో కొత్త పేజీలోకి తిరగరాయడం ఈ పద్ధతికి ఆయువుపట్టు. తిరిగి రాసేంత విలువ లేని పనిని అక్కడే కొట్టివేస్తారు కాబట్టి జాబితా పేరుకుపోదు.

ఏకాగ్రత లోపానికి సంబంధించిన ఏడీహెచ్‌డీ అనే రుగ్మత ఉన్న పెద్దల్లో చాలామందికి చేయవలసినది గుర్తుంచుకోవడం, ఏది ముందో తేల్చుకోవడం, పనికి పట్టే సమయాన్ని అంచనా వేయడం కష్టం. ఆ భారాన్ని ఈ పద్ధతి కాగితం మీదికి మారుస్తుంది. ఇది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. అయితే వయోజనుల ఏడీహెచ్‌డీకి వాడే ప్రవర్తనా చికిత్సల్లోనూ క్యాలెండరు, పనుల జాబితా అలవాటు చేయించడం ముఖ్యమైన భాగం. బుల్లెట్ జర్నల్ పేరుతో తర్వాత వ్యాపించిన రంగుల అలంకరణలు మూల పద్ధతిలోనివి కావు. నోటుపుస్తకం, కలం చాలు.