కాగితము లేని పుట

పుస్తకమనగానే మనకు కాగితము జ్ఞప్తికి వచ్చును. కాని పుస్తకము మన దేశమున కాగితముకంటె పాతది. మన పెద్దలు తాటియాకుపై గంటముతో గీచి, ఆ గీతలలో మసి నింపి కావ్యములను కాపాడిరి. తాటియాకు పోయి కాగితము వచ్చినపుడు కావ్యము మారలేదు. దానిని మోయు వస్తువు మాత్రమే మారినది. అట్టి మార్పు మరల మన కన్నులయెదుట జరుగుచున్నది. ఇ-రీడరు అను చిన్న పలక వందలకొలది గ్రంథములను తనలో నిముడ్చుకొని చదువరి చేతిలోనికి వచ్చినది. ఇది ఎట్లు పుట్టినది? కాగితము చేసిన పనులన్నియు ఇది చేయగలదా?

నవలను కోసిన కాగితము

ముందుగా ఒక నవల సంగతి చూతము. ఆక్సుఫర్డు ఆచార్యుడు టోల్కిన్ రచించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అను అద్భుత గాథ వేయి పుటలకు మించినది. రచయిత దృష్టిలో అది ఒకే గ్రంథము. కాని రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఇంగ్లండులో కాగితపు ధర హెచ్చుగా నుండెను. అంత పెద్ద గ్రంథమును ఒక్కసారిగా అచ్చువేసిన నష్టము వచ్చునేమోయని ప్రకాశకులు జంకిరి. అందుచేత అది మూడు సంపుటములైనది. మొదటి రెండును 1954లో వెలువడినవి. వానిని చదివినవారు ముగింపు కొరకు 1955 అక్టోబరు వరకు వేచియుండవలసి వచ్చెను. కథను కోసినది కథకుడు కాదు, కాగితము.

అట్లని కాగితమును చులకన చేయరాదు. దానికి రెండు గొప్ప గుణములు కలవు. అది తానుగా వెలుగదు. తనపై పడిన వెలుతురునే మన కంటికి పంపును. అందుచే ఎండలోనైనను అక్షరము స్పష్టముగా కనబడును. రెండవది, ఒకసారి అచ్చుపడిన అక్షరము నిలిచియుండుటకు ఏ శక్తియు అక్కరలేదు. సామాన్యమైన కంప్యూటరు తెరకు ఈ రెండు గుణములును లేవు. 1998లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన రాకెట్ ఇ-బుక్, సాఫ్ట్‌బుక్ అను పరికరములు ద్రవస్ఫటికపు తెరలతో వచ్చి, కొలదికాలములోనే మరుగునపడినవి.

సిరా కదలిన విధము

1807లో మాస్కోయందు రాయిస్ అను శాస్త్రజ్ఞుడు నీటిలోని బంకమట్టి రేణువులు విద్యుత్తు ప్రభావమున కదలుట గమనించెను. ఆవేశము గల రేణువు ద్రవములో తనకు వ్యతిరేకమైన ధ్రువము వైపునకు పోవును. దీనికి ఎలెక్ట్రోఫోరెసిస్ అని పేరు. 1970 ప్రాంతమున జపానులోని మత్సుషిత సంస్థయందు ఓటా అను పరిశోధకుడు ఈ సూత్రముతో తెరను నిర్మింపబూనెను. ఆ దశకముననే కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాకేంద్రమున నికొలస్ షెరిడన్ మరొక మార్గము త్రొక్కెను: ఒకవైపు తెలుపు, మరొకవైపు నలుపు గల సూక్ష్మ గోళములను విద్యుత్తుచే త్రిప్పి అక్షరములను చూపుట. ఓటా మార్గములో ఒక చిక్కు కలదు. రేణువులు కాలక్రమమున ఒకచోట చేరి గడ్డకట్టుచుండెను.

ఈ చిక్కు విడుటకు పాతికేండ్లు పట్టినది. జోసెఫ్ జేకబ్‌సన్ అను యువ భౌతికశాస్త్రజ్ఞుడు ఒకనాడు సముద్రతీరమున చదువుచున్న పుస్తకము ముగించి, చేత మరియొకటి లేక, ఏ పుస్తకముగానైనను మారగల పుస్తకమొకటి యున్న బాగుండునని తలచెనట. తరువాత ఆయన ఎం.ఐ.టి.లో ఆచార్యుడై, బారెట్ కామిస్కీ, జె.డి. ఆల్బర్ట్ అను ఇద్దరు డిగ్రీ విద్యార్థులను ఈ పనికి పురికొల్పెను. వారు రేణువులను ద్రవముతోసహా, ఇంచుమించు తలవెంట్రుక మందముగల గుళికలలో బంధించిరి. ఏ గుళికలోని రేణువులు ఆ గుళికలోనే యుండును గనుక దూరముగా పోయి గుమిగూడజాలవు. 1997లో ఇ-ఇంక్ సంస్థ వెలసినది. 1998 జులైలో 'నేచర్' పత్రికయందు ఈ పరిశోధన ప్రకటింపబడినది.

తరువాత వాడుకకు వచ్చిన రకములో తెల్లని రేణువులకు ధనావేశము, నల్లనివానికి ఋణావేశము ఉండును. గుళిక క్రిందనున్న పలకను ఋణధ్రువము చేసినచో తెల్లని రేణువులు క్రిందికి దిగును, నల్లనివి పైకి వచ్చును. అచట నల్లని చుక్క కనబడును. ధ్రువమును మార్చినచో ఆ చుక్క తెల్లబడును. ఇట్టి చుక్కల కూర్పే అక్షరము. విద్యుత్తు ఆపినను రేణువులు ఉన్నచోటనే నిలుచును. కావున పుట త్రిప్పినపుడే తెరకు శక్తి కావలయును. కాగితపు రెండు గుణములును ఇట్లు సిద్ధించినవి.

2004లో జపానులో సోనీ సంస్థ 'లిబ్రియే'ను, 2007 నవంబరు 19న అమెరికాలో అమెజాన్ సంస్థ 'కిండిల్'ను విడుదల చేసినవి. కిండిల్ వెల 399 డాలర్లు; అయినను తొలి సరకు ఆరు గంటలలోపే చెల్లిపోయెను. ఇపుడు వేయి పుటల నవలకును పది పుటల కథకును బరువు ఒక్కటే. చూపు మందగించినవారు అక్షరములను పెంచుకొనవచ్చును. బ్రాండన్ శాండర్సన్ రచించిన 'ట్రెస్ ఆఫ్ ది ఎమెరాల్డ్ సీ' అను అద్భుత నవలలో సముద్రమున నీటికి బదులు సిద్ధబీజములు నిండియుండును. ఆ నవల 2023 జనవరిలో మొదట ఇ-పుస్తకముగనే పాఠకులకు చేరినది. అచ్చుప్రతి తరువాత వచ్చినది. 1954లో కథ కాగితము కొరకు ఆగినది. 2023లో కాగితము కథ వెనుక నడచినది.

పుస్తకము ఎవరిది?

కాని కాగితమునకు మూడవ గుణమొకటి కలదు. కొన్న పుస్తకము కొన్నవానిదే. లిబ్రియేలోని పుస్తకములు 60 దినముల తరువాత తెరచుకొనకుండెను. 2009 జులైలో అమెజాన్ సంస్థ, హక్కులేనివారు అమ్మినవను కారణమున, జార్జ్ ఆర్వెల్ రచనలైన '1984', 'ఏనిమల్ ఫామ్' ప్రతులను చదువరుల పరికరములనుండి దూరమునుండియే తొలగించి, సొమ్ము తిరిగి చెల్లించెను. మిషిగన్ రాష్ట్రమున ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి '1984'ను చదువుచు గమనికలు వ్రాసికొనియుండెను. పుస్తకము పోగా గమనికలు మిగిలినవి. అవి ఏ వాక్యమునకు చెందినవో పోల్చుకొను వీలు లేకపోయెను. అతడు న్యాయస్థానమున కెక్కెను. సంస్థాధిపతి బెజోస్ బహిరంగముగా క్షమాపణ చెప్పెను. కొన్ని ప్రత్యేక పరిస్థితులందు తప్ప అమెరికాలోని చదువరుల పరికరములనుండి పుస్తకములను తొలగింపమని సంస్థ రాజీపత్రమున అంగీకరించెను.

మనకు సంబంధించిన సంగతి మరొకటి. 2016 డిసెంబరులో కిండిల్‌పై హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భాషల పుస్తకములు ప్రారంభమైనవి. అందు తెలుగు లేదు. తెలుగు లిపికి కంప్యూటరు సంకేతములు 1991నాటి యూనికోడ్‌లోనే ఏర్పడియున్నవి. కావున ఆ లోటు లిపిది కాదు.

కాగితము వలె కనబడుట ఎట్లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాగితము వలె మనవద్ద నిలుచుట రేణువుల పని కాదు; అది చట్టము వలనను, చదువరుల పట్టుదల వలనను జరుగవలసినది. మిషిగన్ విద్యార్థి ఆ పట్టుదలకు ఒక దారి చూపినాడు.